కీమో రోజుల్లో సువాసన గదిలో కాదు, రోగి చేతిలో ఉండాలి

కీమో మొదలవుతుందని తెలియగానే బంధువుల్లో ఎవరో ఒకరు డిఫ్యూజర్ కొని తెస్తారు. నీళ్లలో నాలుగు చుక్కల లావెండర్ వేసి మీట నొక్కితే సన్నటి మంచులా సువాసన గదంతా కమ్ముకుంటుంది. ప్రేమతో తెచ్చిన వస్తువే. అయినా దాన్ని అటకెక్కించమనే చెబుతాను. ఆ వాసన పడకపోతే మంచం మీదున్న మనిషికి లేచి అవతలి గదిలోకి వెళ్లే ఓపిక ఉండదు. మీట ఆపేసినా కర్టెన్లకూ దిండ్లకూ పట్టిన వాసన గంటల తరబడి వదలదు. క్యాన్సర్ చికిత్సలో అరోమాథెరపీ, అంటే సువాసనతో ఉపశమనం ఇచ్చే పద్ధతి, ఒక్క షరతు మీద పనికొస్తుంది: వాసన రోగి చేతిలో ఉండాలి. కావాలనిపిస్తే ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి, వద్దనిపిస్తే ఆ క్షణమే మూత బిగించేయగలగాలి.

ముందు దీని హద్దు చెప్పాలి. సుగంధ తైలాలు కణితిని తగ్గించవు, కీమో పనితనాన్ని పెంచవు, వాంతుల మాత్రకు బదులుగా రావు. సిస్‌ప్లాటిన్ గానీ, డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి గానీ (ఇవి కీమో మందులు) ఎక్కించేటప్పుడు ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్, అప్రెపిటాంట్, ఒలాంజపిన్ లాంటి వాంతులు ఆపే మందులు మూడు నాలుగు కలిపి ఇస్తారంటే, అవి లేకపోతే వాంతులు దాదాపు ఖాయం కాబట్టే. ఆ మాత్రలు డాక్టరు రాసినట్టు వేళకు పడాల్సిందే. అయితే అవి వాంతిని ఆపినంత బాగా వికారాన్ని ఆపలేవు. కడుపులో తిప్పడం, నోట్లో నీళ్లూరడం, డోకు వచ్చేలా ఉండడం మిగిలిపోతాయి. వాసనకు పని ఉన్నది అక్కడే. సూది గుచ్చే ముందు బెరుకు తగ్గించడానికీ, రాత్రి నిద్ర పట్టడానికీ కూడా కొంత సాయపడుతుంది.

ఎంత సాయం అన్నది ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. మలేషియాలో కీమో తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చేసి 2015లో ప్రచురించిన పరిశీలనలో అల్లం తైలం వాసన చూసినవారికి మందు ఎక్కిన తొలి దశలో వికారం కొంత తగ్గింది. తర్వాతి రోజుల్లో ఆ తేడా నిలవలేదు, వాంతుల లెక్కా మారలేదు. మూలకణాల మార్పిడి (స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్) రోజు సంగతి ఇంకా ఆసక్తికరం. గడ్డకట్టించి దాచిన మూలకణాలను ఎక్కించేటప్పుడు వాటిలో కలిపిన డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే రసాయనం ఊపిరిలోంచి వెల్లుల్లి కంపులా బయటికొస్తుంది, గొంతు గీరుతుంది, డోకు తెప్పిస్తుంది. ఆ సమయంలో కమలాపండు ముక్కలు వాసన చూస్తూ చప్పరించిన వారికి ఆ బాధ కొంత తగ్గిందని 2011లో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. పిల్లలకు అదే చికిత్సలో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తైలం డిఫ్యూజర్లో పెట్టి చూసిన మరో పరిశీలనలో (2012) మేలు జరగలేదు సరికదా, గంట తర్వాత ఆ పిల్లల్లోనే ఆందోళన, వికారం ఎక్కువగా కనిపించాయి. ముక్క చేతిలో ఉన్నవాళ్లకు ఒక రకంగా, గదంతా వాసన నింపినవాళ్లకు ఇంకో రకంగా ఫలితం రావడం కాకతాళీయం అనిపించదు నాకు.

సీసా కొనక ముందే ఇంట్లో ఉన్నదాన్ని చూడండి. బస్సెక్కితే వాంతి వచ్చేవాళ్లు నిమ్మకాయ గుప్పిట్లో పట్టుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. నిమ్మ, బత్తాయి తొక్కని గోటితో గిల్లితే చిమ్మే ఆ సన్నటి తుంపరే అసలు సుగంధ తైలం. దుకాణంలో స్వీట్ ఆరెంజ్ పేరుతో అమ్మేది మన బత్తాయి జాతి పండు తొక్కని పిండిన నూనే. కాయను పారే నీళ్లలో బాగా రుద్ది కడిగి, రూపాయి బిళ్లంత తొక్క కోసి, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో వేసుకుని కీమో ఎక్కించే డే కేర్‌కు తీసుకెళ్లొచ్చు. అవసరమైనప్పుడు మూత తీసి, తొక్కని ఒకసారి మడిచి వాసన చూసి మళ్లీ మూసేయాలి. పొద్దున కోసింది సాయంత్రం పారేయాలి. చాలామందికి ఇంతకు మించి అక్కర్లేదు.

సీసానే కొంటానంటే అట్ట మీద శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉన్నవి అగరొత్తులకూ సబ్బులకూ వాడే కృత్రిమ పరిమళాలు, వాటి జోలికి వెళ్లొద్దు. లావెండర్ అయితే లావాండులా ఆంగుస్టిఫోలియా అని, అల్లమైతే జింజిబర్ అఫిసినాలే అని ఉండాలి. పుదీనా దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. మన దేశంలో విరివిగా పండేదీ, మింట్ ఆయిల్ పేరుతో చవకగా దొరికేదీ మెంథా ఆర్వెన్సిస్. దాంట్లో మెంథాల్ 70-80 శాతం దాకా ఉంటుంది. అసలు పెప్పర్‌మింట్, అంటే మెంథా పిపరిటాలో అది 50 శాతం లోపే. పెప్పర్‌మింట్‌కు చెప్పిన చుక్కల లెక్కనే ఆర్వెన్సిస్‌కు వాడితే కళ్లు మండి, ముక్కు ఘాటెక్కి, తలనొప్పి వస్తుంది. ముదురు రంగు గాజు సీసాలో 5 లేదా 10 మిల్లీలీటర్లు చాలు. నిమ్మజాతి నూనెలు గాలి తగిలి పాతబడితే చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థాలు తయారవుతాయి. మన ఎండాకాలంలో వాటిని ఫ్రిజ్‌లో పెట్టి, మూత తీసిన ఆరు నెలల్లో పారేయడం మంచిది.

పరికరం కూడా పెద్దదేం కాదు. ముక్కుదిబ్బడకు వాడే ఇన్‌హేలర్ లాంటి ఖాళీ గొట్టాలు, లోపల దూది వత్తితో సహా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మామూలు మనుషులకు వాటిలో 10-15 చుక్కలు వేయమంటారు. కీమోలో ఉన్నవారికి 4 చుక్కలతో మొదలుపెట్టండి, ఆర్వెన్సిస్ అయితే 2. వత్తిని గిన్నెలో పెట్టి, చుక్కలు దాని మీద వేసి, పీల్చుకున్నాక గొట్టంలోకి దించి అడుగు మూత బిగించాలి. గొట్టం దొరక్కపోతే 15 మిల్లీలీటర్ల గాజు సీసాలో సగం దాకా కల్లుప్పు పోసి 4 చుక్కలు వేసి కదిపితే అదే పని చేస్తుంది. గొట్టం గానీ సీసా గానీ ఒక్కరిదే. మూలికల దుకాణం వాడు ఇచ్చిన నాలుగు నూనెల మిశ్రమం కన్నా ఒక్క నూనే మేలు. పడకపోతే ఏది పడలేదో వెంటనే తెలుస్తుంది.

పీల్చే తీరు: మొదటిసారి జానెడు దూరంలో పట్టుకుని ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకుని, నోటితో ఇంకా మెల్లగా వదలాలి. అలా మూడుసార్లు. బాగుందనిపిస్తే తర్వాత బెత్తెడు దూరానికి తెచ్చుకోవచ్చు. ముక్కులో దూర్చడం వద్దు, ముక్కు లోపలి పొర కీమోలో ఎండిపోయి తేలిగ్గా రక్తం కారుతుంది. మూడు ఊపిర్ల తర్వాత మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగాలి. ఈ ఆగడమే చాలామంది చేయరు. కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడి పసిగట్టడం మానేస్తుంది. పని చేయడం లేదనుకుని ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు, అరగంటలో తల బరువెక్కి వికారం రెట్టింపవుతుంది. చుక్కలు పెంచాలనిపించినప్పుడు కిటికీ తెరిచి ముక్కుకు పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి. మెల్లగా ఊపిరి వదలడం వల్ల కలిగే నెమ్మది కూడా ఇందులో చాలా ఉంది, కాబట్టి ఆత్రంగా నాలుగు ఎగపీల్పులు పీల్చి పక్కన పడేస్తే సగం ఫలితం పోయినట్టే.

ఇంజెక్షన్‌కు ముందు చర్మం తుడిచే స్పిరిట్ స్వాబ్ గురించి కూడా చెప్పాలి. ఎమర్జెన్సీకి వికారంతో వచ్చినవారికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్‌ను ముక్కు కింద పట్టి వాసన చూపిస్తే, నోటి ద్వారా ఇచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర కన్నా అరగంటలో బాగా ఉపశమనం వచ్చిందని 2018లో అమెరికాలో ప్రచురించిన పరీక్ష తేల్చింది. చవకైన ఉపాయమే. కానీ వాళ్లు కీమో రోగులు కారు. నెలల తరబడి పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) దగ్గర ఆ స్వాబ్ వాసన పీల్చినవారికి, అదే వాసన సూదినీ సెలైన్ స్టాండునీ గుర్తుచేసి డోకు తెప్పించొచ్చు. ఒకసారి దూరం నుంచి చూపించి, మొహం చిట్లిస్తే వదిలేయండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవారిని ఇలాంటి పరీక్షల్లో చేర్చుకోరు, ఇంట్లో కూడా వారికి వద్దు.

ఇక్కడ మెదడు చేసే పని ఒకటి అర్థం చేసుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. వికారం వచ్చిన వేళ ముక్కుకు తగిలిన వాసననూ, నాలుకకు తగిలిన రుచినీ మెదడు నేరస్థుల జాబితాలో రాసేసుకుంటుంది. ఇలెన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు 1978లో కీమోకు ముందు పిల్లలకు కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టి చూశారు. తర్వాత ఆ పిల్లల్లో చాలామంది ఆ రుచిని ముట్టుకోలేదు. ఆస్పత్రి గేటు కనిపించగానే, డెట్టాల్ వాసన రాగానే కడుపు తిప్పడం కూడా ఇదే. అందుకని రోగికి ఇష్టమైన వాసనను కీమోకు ఎప్పుడూ వాడొద్దు. మల్లెపూలంటే ప్రాణమిచ్చే మనిషికి ఆ రోజుల్లో మల్లె వాసన చూపిస్తే, చికిత్స ముగిశాక కూడా మల్లె దండ దగ్గరికి రానివ్వని స్థితి రావచ్చు. ఇంట్లో అంతగా వాడని వాసన ఒకటి ఎంచుకోవాలి. మొదటి కీమోకు వారం ముందు నుంచి, ఒంట్లో నెమ్మదిగా ఉన్నప్పుడు, పడుకునే ముందు రోజుకోసారి మూడు ఊపిర్లు పీలిస్తే అది ముందుగా నెమ్మదితో ముడిపడుతుంది. ఇంతా చేసినా కీమో విడతల్లో (సైకిళ్లలో) రెండో సైకిల్‌కో మూడో సైకిల్‌కో అదే వాసన గిట్టకుండా పోవడం మామూలే. మొన్న బాగుందన్నావుగా అని బతిమాలొద్దు. ఆ గొట్టం బయట పారేసి వేరే వాసన చూడండి, అదీ వద్దంటే మానేయండి.

మందును బట్టి కొన్ని మార్పులున్నాయి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక నాలుగైదు రోజులు చల్లటి గాలి తగిలినా గొంతు పట్టేసినట్టు, వేళ్లలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది. మెంథాల్ తట్టేది చల్లదనాన్ని పసిగట్టే నరాల్నే, కాబట్టి ఆ రోజుల్లో పుదీనా పక్కనపెట్టి అల్లమో నిమ్మో చూడాలి. కేపసిటాబిన్ వాడుతూ అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతున్నవారికి అక్కడ మర్దన పనికిరాదు, రాపిడితో చర్మం ఊడుతుంది. మెథోట్రెక్సేట్, ఫైవ్-ఎఫ్‌యూ లాంటివి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ నూనెల్లో కూడా ఎండకు చర్మం కమిలిపోయేలా చేసే పదార్థాలుంటాయి. నిమ్మజాతి నూనెలు ముక్కుకే, ఒంటికి కాదు. లావెండర్, టీ ట్రీ నూనెలకు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ పోలిక ఉందని ప్రయోగశాలలో కనిపించింది, మనుషుల్లో దాని ప్రభావం మీద వాదన తెగలేదు. హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్ల ఊతంతో పెరిగే రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు వాటిని రోజూ ఒంటికి పూసుకోకపోవడమే నయమని నా లెక్క. మూర్ఛలున్నా, మెదడులో కణితి ఉన్నా కర్పూరం, నీలగిరి తైలం దూరం పెట్టాలి. ఆస్తమా ఉంటే ఏ వాసన అయినా డాక్టర్ని అడిగాకే.

ఏ నూనె అయినా తాగకూడదు. ఒక్క చుక్క తేనెలో వేసి ఇవ్వమని చెప్పేవాళ్లుంటారు. సుగంధ తైలం అంటే కిలోల కొద్దీ ఆకునో పువ్వునో కాచి తీసిన సారం. కడుపులోకి వెళ్తే నోటి పుండ్ల మీద మంట పెడుతుంది, కొన్ని కాలేయంలో కీమో మందులతో తగువు పడతాయి. నొప్పి బామ్‌లలో ఉండే వింటర్‌గ్రీన్ నూనె 5 మిల్లీలీటర్లు దాదాపు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నప్పుడు అలాంటి బామ్‌లు ఒంటినిండా పులమడం కూడా మంచిది కాదు. పిల్లలున్న ఇంట్లో సీసాలు అందని చోట పెట్టండి. మింగితే వాంతి చేయించకుండా సీసాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చేతి మర్దన కావాలంటే 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలోగానీ నువ్వుల నూనెలోగానీ 6 చుక్కలకు మించి వేయొద్దు, అది సుమారు ఒక శాతం. చర్మం పలచబడి ఉంటే 3 చాలు. ముందు రోజు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి 24 గంటలు చూడాలి. ముంజేయి, అరచేయి, పది నిమిషాలు, క్రీమ్ రాసేంత ఒత్తిడి. నరాలు లాగడం, కణుపులు విరవడం వద్దు. ప్లేట్‌లెట్లు 50,000 లోపు ఉంటే, ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే, ఎముకల్లోకి జబ్బు పాకి ఉంటే ఇంట్లో మర్దన మానేయాలి. చంకలో గ్రంథులు తీసిన వైపు చేతిని ఫిజియోథెరపిస్టుకు వదిలేయండి. పోర్ట్, పిక్ లైన్ (చేతి నరంలోంచి వేసే సన్నటి గొట్టం) చుట్టూ నూనె తగిలితే డ్రెస్సింగ్ జిగురు ఊడిపోయి ఇన్ఫెక్షన్‌కు దారి దొరుకుతుంది. రేడియేషన్ జరుగుతున్న చోట అక్కడి డాక్టర్లు చెప్పింది తప్ప ఏమీ రాయకూడదు. రేడియేషన్ ఎక్కడివ్వాలో చూపడానికి చర్మం మీద గీసిన గీతలు నూనెకు చెరిగిపోతే మళ్లీ మొదటికి రావాల్సి ఉంటుంది.

డిఫ్యూజర్ మీద నాకున్న రెండో అభ్యంతరం కూడా ఇన్ఫెక్షన్ గురించే. కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అట్టడుగుకు పడతాయి. నిలవ నీళ్లలో పెరిగే సూక్ష్మజీవుల్ని ఆ యంత్రం తుంపరగా చేసి గాల్లోకి వదులుతుంది. మూలకణాల మార్పిడి వార్డుల్లో పూలగుత్తులు, కుండీలు రానివ్వకపోవడానికీ కారణం సూక్ష్మజీవుల భయమే. అగరొత్తులు, సాంబ్రాణి ధూపం అరోమాథెరపీ కాదు, అది పొగ. ఊపిరితిత్తుల జబ్బున్నవారి గదిలో అస్సలు పనికిరాదు. పూజ మానమనడం లేదు, రోగి గది తలుపు మూసి, వేరే గదిలో కిటికీ తెరిచి చేసుకోండి. ఆక్సిజన్ పెట్టిన మనిషి దగ్గర హారతి, దీపం, ధూపం ఏదీ వెలిగించకూడదు, మొహానికి నూనె పూయకూడదు. ఆక్సిజన్‌లో చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమంటుంది.

పుండు వాసన గురించి ఎవరూ నోరు తెరిచి అడగరు. నోటి, రొమ్ము క్యాన్సర్లు చర్మం బయటికి వచ్చి పుండు పడితే వచ్చే వాసన రోగిని మనుషుల నుంచి దూరం చేసేస్తుంది. దాని మీద అత్తరో స్ప్రేయో కొడితే రెండూ కలిసి మరీ భరించలేని వాసన అవుతుంది. ఆ కంపు ఆక్సిజన్ లేని చోట బతికే బ్యాక్టీరియా వదిలే పదార్థాలది. వాటిని చంపేది మెట్రోనిడజోల్. పాలియేటివ్ (బాధ తగ్గించే సేవల) నర్సులు మాత్రల్ని మెత్తగా నూరి పుండు మీద చల్లుతారు, జెల్ కూడా దొరుకుతుంది. డాక్టర్ని అడిగి ఆ పని చేయించుకుంటే రెండు మూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. మంచం కింద వెడల్పాటి పళ్లెంలో పొడి బొగ్గులు పెడితే గదిలో మిగిలిన వాసనను పీల్చుకుంటాయి. కాఫీ పొడి కూడా కొంత కప్పుతుంది. ఇవన్నీ అయ్యాక పైకట్టు బయటి పొర మీద ఒక చుక్క లావెండర్ వేయొచ్చు. పుండుకు మాత్రం ఎప్పుడూ తగలకూడదు.

మంచి వాసన తేవడం కన్నా చెడ్డ వాసన తగ్గించడం ఎక్కువ పనిచేస్తుంది. కీమో అయిన ఐదు రోజులు పోపు రోగి ఇంట్లో లేనప్పుడో, తలుపులు వేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టో వేయండి. ఆవిర్లు కక్కే అన్నం కన్నా చల్లారిన ఇడ్లీ, అప్పటికప్పుడు తోడుకున్న పెరుగుతో అన్నం తేలిగ్గా లోపలికి వెళ్తాయి, ఎందుకంటే వేడి వస్తువు వాసన ఎక్కువ దూరం పాకుతుంది. చూడడానికి వచ్చేవాళ్లను సెంటు కొట్టుకోకుండా రమ్మని ముందే చెప్పండి. మూడో రోజో నాలుగో రోజో వికారం ఏ వాసనకూ లొంగకపోతే విరేచనం ఎప్పుడైందో అడగండి. ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది, ఆ మలబద్ధకమే వికారం తెస్తుంది. మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వస్తే, జ్వరం 100.4 దాటితే గొట్టం పక్కనపెట్టి రాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

చివరి సైకిల్ అయిన వారానికి ఆ ఇన్‌హేలర్ గొట్టం, మిగిలిన నూనె, దాన్ని పెట్టిన సంచీతో సహా ఇంట్లోంచి తీసేయండి. నెలల తర్వాత అలమారా తెరిచినప్పుడు అదే వాసన తగిలి, పూర్తిగా కోలుకున్న మనిషికి కూడా ఒక్కసారిగా కడుపులో తిప్పొచ్చు.